ప్రెస్సులో గడిపిన పది రోజులు: డిజైన్ కళాశాలల పాఠ్య ప్రణాళికా మండళ్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల డిజైన్ కళాశాలల పాఠ్య ప్రణాళికా మండళ్ల గౌరవ సభ్యులకు,

నమస్కారం.

నేను కమ్యూనికేషన్ డిజైన్‌లో బి.డిజైన్ నాలుగో సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. మా ఊరు విజయవాడ. మూడో సంవత్సరం ముగిశాక వచ్చే వేసవి సెలవుల్లో ప్రతి విద్యార్థీ వృత్తిలో ఉన్నవారి వెంట రెండు వారాలు ఉండి, వారు పని చేసే తీరును గమనించి, నివేదిక రాసి సమర్పించాలన్నది మా కోర్సులో ఒక నియమం. దాన్ని జాబ్ షాడోయింగ్ అంటారు. రెండు క్రెడిట్లు ఉంటాయి. గత వేసవిలో నేను పది రోజులు విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులోనూ, నాలుగు రోజులు హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక యాప్ డిజైన్ స్టూడియోలోనూ గడిపాను. స్టూడియోలోని నాలుగు రోజులను మా కళాశాల ఒప్పుకుంది. ప్రెస్సులోని పది రోజులు చెల్లవని చెప్పింది. కారణం అడిగితే ఫారం చూపించారు. అందులో సంస్థ వెబ్‌సైట్ చిరునామాకు ఒక గడి, పర్యవేక్షించే డిజైనర్ హోదాకు ఒక గడి ఉన్నాయి. ప్రెస్సుకు వెబ్‌సైట్ లేదు. నాకు పని చూపించినావిడను అక్కడ అందరూ డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) ఆపరేటర్ అంటారు, డిజైనర్ అనరు.

ఆ రెండు క్రెడిట్లు తర్వాత వేరే విధంగా పూర్తి చేసుకున్నాను కాబట్టి నాకు జరిగిన నష్టమంటూ ఏమీ లేదు. అయితే నేను ఏ పనిలోకి వెళ్లాలో తేల్చుకున్నది ఆ చెల్లని పది రోజుల్లోనే. అలాంటి పది రోజులు నా తర్వాత వచ్చేవారికి నియమం ప్రకారమే దొరకాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి శుభలేఖలు వేయించడానికి వెళ్లినప్పుడు ఆ ప్రెస్సుతో పరిచయం అయింది. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, వెనక గదిలో ఆఫ్‌సెట్ మిషను, పక్కన కటింగ్ మిషను, మెట్ల కింద కాగితం రీములు. అక్క (నేను ఆమెను అలాగే పిలిచేదాన్ని) పాతికేళ్లకు పైగా అక్కడే కంపోజింగ్ చేస్తున్నారు. మిషన్ నడిపే పెద్దాయన అంతకు ముందునుంచీ, సీసం అక్షరాలు, ట్రెడిల్ అచ్చు మిషన్ల కాలం నుంచీ ఉన్నారు. అక్క ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, కీబోర్డు వైపు చూడకుండా టైప్ చేస్తారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. అంటే ఆ సాఫ్ట్‌వేర్ నాకంటే పెద్దది. మొదటి రోజు ఆ తెర చూసి లోలోపల కొంచెం నవ్వుకున్నానని ఒప్పుకోవాలి.

మూడో రోజు ఒక శుభలేఖ పని వచ్చింది. తెలుగువారి శుభలేఖ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అన్న వరుసతోనే వత్తుల వరద మొదలవుతుంది. తర్వాత జ్యేష్ఠ పుత్రిక, కనిష్ఠ పుత్రుడు, సుముహూర్తం, బంధుమిత్ర సపరివారం... ఏ మాట చూసినా కింద ఏదో ఒకటి వేలాడుతూనే ఉంటుంది. ఆ కార్డులో ‘జ్యేష్ఠ’ అన్న మాట కింది ఠావత్తు, దిగువ వరుసలోని ‘శ్రీ’ గుడి దీర్ఘానికి వెళ్లి తగిలింది. నేనైతే వరుసల మధ్య దూరం పెంచేదాన్ని. మాకు తరగతిలో నేర్పిందీ అదే. అక్క దూరం ముట్టుకోలేదు. పై వరుస చివరనున్న ఒక మాటను కింది వరుస మొదటికి దింపారు. వరుసలన్నీ కార్డు మధ్యకు సర్ది ఉన్నవి కాబట్టి పై వరుస కురచై లోపలికి వచ్చింది, కింది వరుస రెండు వైపులా సాగింది, ఠావత్తు కిందకు రెండు మాటల మధ్య ఖాళీ వచ్చి నిలిచింది. పని మొత్తం అరనిమిషం పట్టి ఉంటుంది. ‘దూరం పెంచితే అన్ని వరుసలూ పెరుగుతాయమ్మా. ఆహ్వానించువారు కార్డు కిందకి పోతారు’ అన్నారు.

ఆ తర్వాత నేను ఆమె చేతులనే చూడడం మొదలుపెట్టాను. రావత్తు అక్షరం కింద ఎడమవైపు చుట్టుకుంటుంది, యావత్తు కుడివైపు సాగుతుంది, కావత్తు, తావత్తు వంటివి అడుగున కూర్చుంటాయి. ఇవి ఒకదాని పక్కన ఒకటి వచ్చినప్పుడు ఎక్కడ ఇరుకవుతుందో ఆమెకు మాట టైప్ చేస్తుండగానే తెలిసిపోతుంది. అను ఫాంటులో ఒకే వత్తుకు రెండు మూడు రూపాలుంటే, పక్క అక్షరం వెడల్పును బట్టి ఒకటి ఎంచుకుంటారు. చాలకపోతే దాన్ని పట్టుకుని చేత్తో జరుపుతారు. ఇవి ఎక్కడైనా రాసి పెట్టారా అని అడిగితే, నేనేదో వింత మాట అన్నట్టు చూశారు.

ఆరో రోజు నా తప్పు ఒకటి బయటపడింది. వెంట ఉండి చూడడమే నా పని అయినా, ఒక ట్యూషన్ సెంటరు కరపత్రం వెనక వైపు నన్నే చేయమన్నారు. తెర మీద బాగున్న నలుపును తీసుకుని అక్షరాలకు వేశాను. ఆ నలుపు నీలం, ఎరుపు, పసుపు, నలుపు నాలుగూ కలిసిన నలుపు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది. మిషన్ మీద ఆ నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పడవు. పెద్ద అక్షరాలకు ఆ తేడా కంటికి ఆనదు. వత్తుల్లాంటి సన్నని గీతలకు మాత్రం అంచుల్లో రంగులు బయటకొచ్చి, అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. పెద్దాయన భూతద్దం పెట్టి, ‘అక్షరం నలుపెప్పుడూ ఒక్క ప్లేటు మీదే ఉండాలి’ అని చూపించారు. తిరిగి ప్లేట్లు వేయాల్సి వచ్చింది. ఆ ఖర్చు ప్రెస్సే భరించింది, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మూడేళ్లలో నేను చేసిన పనులన్నీ తెర మీదో, కళాశాల డిజిటల్ ప్రింటరు మీదో చూసుకున్నవే. ప్లేటు అనే వస్తువును చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి.

ఈ అనుభవాన్ని ఒక ప్రెస్సు గొప్పతనంగా చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది. అక్క చేసిన ఫైళ్లలో ఉన్నది కంటికి తెలుగు, కంప్యూటర్‌కు తెలుగు కాదు. అను ఫాంటులో టైప్ చేసిన పేరాను వాట్సాప్‌లోకి తెచ్చి అతికిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తుల వరుస వస్తుంది. దాన్ని ఎవరూ వెతకలేరు, కళ్లు కనిపించనివారికి ఏ యంత్రమూ చదివి వినిపించలేదు. అదంతా అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ సంకేతాల్లో ఉండాలని నాకు తెలుసు. ఉత్సాహంగా ఆమె కంప్యూటర్లో పేజీలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ తెరిచి, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలు ఎలా చెదిరిపోతాయో, ఎంచుకుంటే ఎలా కుదురుకుంటాయో చూపించాను. ఆమె శ్రద్ధగా చూశారు. తర్వాత ఒక వత్తును పట్టుకుని జరపబోయారు. అది కదలలేదు. ‘ఇది నా మాట వినదమ్మా’ అన్నారు.

సభ్యులు దయచేసి ఈ మాట దగ్గర కొంచెం ఆగాలని కోరుతున్నాను. పాత పద్ధతిలో వత్తు ఎక్కడ కూర్చోవాలో కంపోజింగ్ చేసేవారి చెయ్యి నిర్ణయించేది. యూనికోడ్ ఫాంటులో ఆ నిర్ణయం ఫాంటు లోపల రాసిన ఓపెన్‌టైప్ నియమాలది, అంటే ఆ ఫాంటు గీసినవారిది. పాతికేళ్లుగా ఒకరి వేళ్లలో పేరుకున్న తీర్పు ఫాంటులోకి వెళ్లకపోతే, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజున ఆ తీర్పు పోతుంది. అది పోయాక అక్షరం ఎలా ఉంటుందో చూడడానికి నాకు మరో వారం కూడా పట్టలేదు.

మాదాపూర్ స్టూడియోలో నేను ఎవరి వెంట ఉన్నానో ఆ డిజైనర్ పనిమంతురాలు. వాడుకరులతో మాట్లాడేటప్పుడు ఆమె ప్రశ్న వేసి ఊరుకుంటారు, మౌనాన్ని నింపడానికి ప్రయత్నించరు. అది నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మూడో రోజు డబ్బు చెల్లింపుల యాప్ ఒకదానికి తెలుగు తెరలు సిద్ధం చేస్తున్నారు. ‘చెల్లింపు పూర్తయింది’ అని రావాల్సిన గడిలో వత్తుల అడుగుభాగాలన్నీ కోసుకుపోయి ‘చెలింపు పూరయింది’ అని కనిపించింది. గడి ఎత్తును ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయేలా ముందే బిగించేశారు. తెలుగుకు కింద చోటు లేదు. దానికి వారు చేసిన మరమ్మతు తెలుగు అక్షరాల సైజు తగ్గించడం. దాంతో వత్తులు లోపలికి వచ్చాయి, కానీ కళ్లజోడు పెట్టుకున్న మా నాన్నగారి వంటివారు చదవలేనంత చిన్నవయ్యాయి. తెలుగు పాఠం అనువాద సంస్థ నుంచి ఫైలుగా వస్తుందనీ, తాము దాన్ని గడుల్లో అతికిస్తామనీ ఆ డిజైనర్ నిజాయితీగా చెప్పారు. గవర్నర్‌పేటలో అరనిమిషంలో తెమిలిన చిక్కు ఇక్కడ మంచి జీతాలున్న ఆరుగురు కూర్చున్న గదిలో చిక్కుగానే గుర్తింపు పొందలేదు. ఆ ఆరుగురిలో తెలుగు చదవగలిగినవారు నలుగురు. చదవడం రాక జరిగింది కాదు ఇది. ఆ గదికీ ప్రెస్సుకూ మధ్య రాకపోకలు లేవు, అంతే.

నేను ఆ మధ్యలో పని చేయాలనుకుంటున్నాను. నా చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, ఇరుకైన వరుసల్లో వత్తులు ఒకదానికొకటి తగలకుండా ఉండే ఒక తెలుగు పాఠ్య ఫాంటును తీసుకున్నాను. ఒక తెలుగు ఫాంటుకు వందలకొద్దీ రూపాలు గీయాలి, గుణింతాలూ వత్తులూ కలిసే తీరులన్నిటికీ నియమాలు రాయాలి. ఏడాదిలో పూర్తవుతుందన్న భ్రమ నాకు లేదు. చదువయ్యాక యాప్ స్టూడియోలోనే ఉద్యోగం చూసుకుంటాను, ఎందుకంటే ఇంట్లో చెల్లెలి చదువు ఉంది. అక్కడ తెలుగు తెరల పని అడిగి తీసుకుంటాను, ఫాంటు పని సాయంత్రాలు చేసుకుంటాను. ఇది గొప్ప ప్రణాళికేమీ కాదు. కానీ మూడో సంవత్సరం మొదట్లో ‘ఏమవుతావు’ అని ఎవరైనా అడిగితే ‘యూఎక్స్’ (యాప్‌లు వాడేవారి అనుభవాన్ని తీర్చే డిజైన్) అని ఒక్క మాటలో చెప్పేదాన్ని. ఇప్పుడు ఏ పని, ఎవరి కోసం, ఎక్కడ మొదలుపెట్టి చేస్తానో చెప్పగలను.

ఈ దారిలో నేను మొదటిదాన్నేమీ కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంట్లను రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఈరోజు గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో తెలుగు ఫాంట్లు ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయల పేరుతో కూడా ఒకటుంది. భువన విజయం సభ ఫాంట్ల జాబితాలో మళ్లీ తీరిందని నేనూ నా స్నేహితురాలూ సరదాగా అనుకుంటాం. కానీ ఈ మూడేళ్ల చదువులో ఈ ఫాంట్ల ప్రస్తావన మాకు ఒక్కసారి కూడా రాలేదు. హెల్వెటికా అనే ఇంగ్లిషు అక్షరాల ఫాంటు 1957 నాటిదని పరీక్షలో రాశాను. తలకట్టు ఎంత మందం ఉంటే చిన్న సైజులో నిలుస్తుందన్న ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మా అధ్యాపకులను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. వారికి చదువు చెప్పినవారికీ అదే పాఠ్య ప్రణాళిక ఉండి ఉంటుంది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తు చేయడానికి అనుమతించండి. చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వం కోరిక మీద 1958లో ఇచ్చిన నివేదికే అహ్మదాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థకు పునాది అని మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. ఆ నివేదికలో వారు అన్నిటికంటే మెచ్చుకున్న వస్తువు లోటా, మన చెంబు. ఏ డిజైనర్ పేరూ లేకుండా తరతరాల చేతుల్లో తేలిన వస్తువది. ఆ చెంబులు చేసిన చేతులకు ఏ హోదా ఉందని ఫారంలో నింపాలి? రెండోది, 2020 జాతీయ విద్యా విధానం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలను పది రోజులపాటు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి వృత్తివారి దగ్గర గడపనివ్వాలని అది చెబుతోంది. పన్నెండేళ్ల పిల్లవాడు కుమ్మరి దగ్గర గడిపిన పది రోజులు చదువే అయినప్పుడు, ఇరవై ఏళ్ల డిజైన్ విద్యార్థిని కంపోజింగ్ చేసే మనిషి దగ్గర గడిపిన పది రోజులు చదువు కాకుండా ఎలా పోతాయో నాకు బోధపడడం లేదు.

అందుచేత సభ్యులను నేను కోరేది ముందుగా ఆ ఫారం సంగతి. వెబ్‌సైట్ గడి తీసివేసి, విద్యార్థి ఎవరి వెంట ఉంటున్నాడో వారు ఆ పనిలో ఎన్నాళ్లుగా ఉన్నారు, ఏం చేస్తారు అన్న గడులు పెట్టండి. ప్రెస్సులే కాదు, బోర్డులు రాసేవారు, పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు వేసేవారు, ఫ్లెక్సీ దుకాణాలవారు, మగ్గం మీద కొత్త అంచు దింపేవారు, వీరంతా రోజూ డిజైన్ నిర్ణయాలు తీసుకుంటున్నవారే. ఎవరో ఒకరు బంధువు దుకాణం నుంచి ఉత్తరం తెచ్చి ఇంట్లో కూర్చుంటారన్న అనుమానం సహజమే. ఆ మోసం వెబ్‌సైట్ ఉన్న సంస్థ లెటర్‌హెడ్ మీద కూడా జరుగుతూనే ఉంది. ఒక అధ్యాపకుడు రెండు వారాల్లో ఒక్కసారి స్వయంగా వెళ్లి చూస్తే చాలు. వెళ్లినప్పుడు, అమ్మాయిలకు మరుగుదొడ్డి వసతి ఉందో లేదో కూడా చూడాలి. నేను ఆ పది రోజులూ పక్కనున్న బట్టల దుకాణం వారి దయ మీద గడిపాను. ఈ ఒక్క కారణంతో ఇలాంటి చోట్లకు అసలు పంపకూడదని మాత్రం దయచేసి నిర్ణయించకండి.

కాలం గురించి కూడా ఒక మాట. ఈ రెండు వారాలు మూడో సంవత్సరం చివర వస్తున్నాయి. అప్పటికే క్యాంపస్ నియామకాల హడావుడి మొదలై, ఏ కంపెనీ పేరు బయోడేటాలో బాగుంటుందన్న లెక్కే అందరి తలల్లోనూ ఉంటుంది. మొదటి సంవత్సరం చివరకు మార్చితే ఆ లెక్క ఇంకా మొదలై ఉండదు. అలాగే దీన్ని ఇంటర్న్‌షిప్‌తో కలపకండి. ఇంటర్న్‌షిప్‌లో మనం పని చేసి చూపించాలి, కాబట్టి మన పనినే చూసుకుంటాం. నీడలా వెంట ఉన్నప్పుడు చూపంతా ఎదుటివారి చేతి మీదే ఉంటుంది. నివేదికలో ‘సాధించిన ఫలితాలు’ అని ఒక శీర్షిక ఇచ్చారు. దాని కింద ఏం రాయాలో తెలియక నా తోటివారు చాలామంది ఏదో కల్పించి రాశారు. ఆ శీర్షిక బదులు, రోజుకొక పేజీ చొప్పున చూసింది చూసినట్టు రాయమంటే సరిపోతుంది.

ఇక డబ్బు. అక్క నాకు చెబుతూ గడిపిన ప్రతి గంటా ఆమె పని వెనకబడింది. సాయంత్రం ఆలస్యంగా ఇంటికి వెళ్లిన రోజులున్నాయి. నేను పాడు చేసిన ప్లేట్ల సంగతి ముందే చెప్పాను. అతిథి ఉపన్యాసానికి వచ్చేవారికి మీరు గౌరవ వేతనం, రానుపోను ఖర్చులు ఇస్తున్నారు. విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని పది రోజులు పని నేర్పిన మనిషికి ఏదీ ఇవ్వకపోవడం సబబు కాదు. ఇంకొక అడుగు వేసి, తెలుగు అక్షరాల మీద పని చేసిన విద్యార్థుల పనిని పరిశీలించే జ్యూరీకి ఇలాంటివారిని ఒకరిని పిలవండి. నా ఫాంటు మొదటి ప్రతిని అక్కకు చూపించినప్పుడు, మా జ్యూరీలో ఎవరూ గమనించని లోపం ఆమె పట్టుకున్నారు. నా ‘క్ష్మి’లో మావత్తు మరీ కిందకు దిగింది. ‘లక్ష్మి లేని శుభలేఖ ఉండదమ్మా, ముందు ఇది సరిచెయ్యి’ అన్నారు. సరిచేశాను.

ఈ లేఖ రాస్తున్నానని ఆమెకు చెప్పి, వచ్చే ఏడాది ఎవరినైనా పంపితే తీసుకుంటారా అని అడిగాను. ఇద్దరికి మించి వద్దన్నారు, రెండో కంప్యూటర్ ముందు అంతకంటే కుర్చీలు పట్టవు. వైశాఖంలో అసలు వద్దన్నారు. ఆషాఢం మొదటి పక్షంలో పెళ్లి పనులు ఉండవు కాబట్టి కూర్చోబెట్టి చెప్పడానికి తీరిక దొరుకుతుందట, రెండో పక్షంలో శ్రావణం ముహూర్తాలకు కార్డులు మొదలవుతాయి కాబట్టి అసలు పని కూడా చూడవచ్చట. మీ విద్యా సంవత్సరం తేదీలు ఖరారు చేసేటప్పుడు ఈ సంగతి పరిశీలించగలరు.

భవదీయురాలు,
కమ్యూనికేషన్ డిజైన్ నాలుగో సంవత్సరం విద్యార్థిని,
విజయవాడ